ముట్టుకోకముందు

పెద్దాయన చేతిలో వేలెడు ఫిల్ము ముక్క ఉంది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఒక్కో బొమ్మా లెక్కపెడుతున్నాడు.

"పదకొండు," అన్నాడు. "పదకొండు ఫ్రేములు నలిగిపోయాయి."

స్కానర్ మీద మ్యూజియం వాళ్ళ ఐదో రీలు సగంలో తెగి, తెగిన కొస నేలకి వేలాడుతోంది. మిషన్ బిగుసుకుపోయింది గానీ రీలు లాగే మోటారు ఆగలేదు. అదీ జరిగింది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర. స్కాన్ చేసిన రీళ్ళ కోసం మ్యూజియం మనిషి పన్నెండింటికి వస్తాడు.

"స్కానర్ ఎవరు ఆన్ చేశారు?" అని అడిగింది కోడలు.

"నేనే," అంది ఆడపడుచు.

"కాపీ పెట్టాను, అయ్యేదాకా స్కానర్ ముట్టుకోవద్దని తలుపు మీద కాగితం అంటించాను కదా వదినా. ఇంతింత అక్షరాలతో."

"చూశాను. ఆరు వారాలుగా చూస్తూనే ఉన్నాను. పెద్ద ఫైలు పంపిస్తున్నాం స్కానర్ ఆపండి, పెద్ద ఫైలు పంపిస్తున్నాం రంగుల పని ఆపండి, ఊపిరి ఆపండి. నువ్వు రాకముందు ఈ స్టూడియోలో ఒకేసారి మూడు పనులు జరిగేవి."

"మూడు మిషన్లు ఉండేవి కాబట్టి."

"నేనూ అదే అంటున్నా. మూడు ఉండేవి. నువ్వొచ్చి మూడూ పీకేసి ఒక్క బండరాయి పెట్టావు."

గుమ్మంలోంచి దగ్గు వినిపించింది. అల్లుడు. ఆడపడుచు మొగుడు, ఇల్లరికం వచ్చి పదిహేనేళ్ళు. పీకేసిన ఆ మూడు మిషన్లూ చూసుకున్నది అతనే. ఇంట్లో అందరూ, చివరికి కట్టుకున్న పెళ్ళాం కూడా, అతన్ని ప్లగ్గు అనే పిలుస్తారు. ఏది ఆగినా అతని వైద్యం ఒక్కటే కాబట్టి.

"పీకి పెట్టి చూశారా?" అన్నాడు ప్లగ్గు.

"చూడలేదు," అంది కోడలు పళ్ళ మధ్యలోంచి.

"అడిగాను, అంతే."

బండరాయి అంటే వెనక గదిలో ఉన్న సర్వరు. ఐదు నెలల కిందట కోడలు పెట్టింది. పైకి ఒక్కటే ఇనప్పెట్టె, లోపల మాత్రం నాలుగు మిషన్లు, ఒకే ఇంట్లో నాలుగు వాటాలు వేసినట్టు. స్కానర్‌కి ఒక వాటా, రంగులు దిద్దడానికి ఒకటి, ఆర్డర్లకి ఒకటి, స్కాన్ చేసిన రీళ్ళన్నీ దాచే గిడ్డంగికి ఒకటి. మొదట్లో నీళ్ళు పారినట్టు నడిచింది. ఆరు వారాల నుంచీ ఈ రోగం. చిన్న ఫైళ్ళకి ఏమీ కాదు. పెద్ద రీలు ఫైలు నెట్‌వర్క్ మీద కదిలిస్తే చాలు, పావుగంటలో నాలుగు వాటాలూ ఒక్కసారిగా కట్టె బిగిసినట్టు బిగుసుకుపోతాయి. మౌస్ కదలదు, తెర మీద గడియారం కూడా కదలదు. తొమ్మిది నిమిషాలు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలు.

ఆడపడుచు అరచెయ్యి చాపింది. "మిషన్ గది తాళం ఇలా ఇవ్వు."

కోడలు మెడలో తాడుకి ఉంది అది. చెయ్యి దాని మీదకే వెళ్ళింది, తీసివ్వడానికి కాదు, మూసుకోవడానికి.

"ఎందుకు?"

"ఎందుకా? ఇంతకాలం మిషన్లు ఆగాయి, సరే. ఇవాళ ఫిల్ము తెగింది. అది మనది కాదు. ఇంకో కాపీ లేని రీలు. రేపు ఇంకోటి తెగుతుంది. ఆ గది మీ అన్నయ్యగారికి ఇచ్చేసి నువ్వు హాయిగా ఆర్డర్లు రాసుకో. అందులో ప్రమాదం లేదు."

ఆ 'ప్రమాదం లేదు' అన్న మాట కోడలికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆర్డర్లు రాసుకోవడానికా తను చదివిందీ, ఉన్న ఉద్యోగం వదులుకుని ఈ ఇంటి పని నెత్తినేసుకున్నదీ. మొగుడి వైపు చూసింది. అతను రంగుల టేబుల్ దగ్గర, మెడలో హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని, తన చెప్పులు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు. ఇంట్లో ఏ గొడవైనా అతనికి చెప్పులే దిక్కు.

"మామయ్యగారూ, కొంచెం టైమివ్వండి," అంది.

పెద్దాయన ముక్కని లైటు బల్ల మీద పెట్టాడు. తెగిన రెండు కొసలూ పక్కపక్కన సర్దాడు. చెయ్యి వెనక్కి చాచాడు, అడగలేదు కూడా. కొడుకు లేచి కెమెరా తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. క్లిక్‌మంది. అప్పుడు గానీ ఆయన అతుకు టేపు ముట్టుకోలేదు.

ఆ ఇంటి లెక్క అది. ఆయన చీకటి గదిలో ఫొటోలు కడిగిన రోజుల్నుంచీ ఒకటే మాట: ముట్టుకునే ముందు ఒక ప్రింట్ తియ్యి, తీసిన ప్రింట్ పారెయ్యకు. మేడ మీద రెండు గదులు ఆ పారెయ్యని ప్రింట్లతోనే నిండిపోయాయి. కొడుక్కీ కూతురికీ అన్నం తినడం కంటే ముందు అలవాటైంది అదే.

"పదకొండున్నర," అన్నాడు పెద్దాయన తల ఎత్తకుండా. "ఎందుకు బిగుసుకుంటోందో పదకొండున్నరకి చెప్పమ్మాయ్. చెప్పలేకపోతే తాళం అల్లుడికి ఇచ్చెయ్యి. ఇంక మాటలొద్దు."

"చెప్తాను. ఆ గదిలో నేను తప్ప ఎవరూ వేలు పెట్టరు. తప్పు ఎక్కడున్నా నాదే. దొరకబుచ్చుకుంటాను."

"విన్నారుగా," అంది ఆడపడుచు. "తప్పు ఎక్కడున్నా తనదే. తనే అంది."

*

మిషన్ గది ఇరుకు. ఒక కుర్చీ, ఒక బల్ల, ఫ్యాన్ల హోరు. కోడలు కూర్చోగానే వెనకాలే ప్లగ్గు వచ్చి తలుపుకి ఆనుకున్నాడు.

"చూడ్డానికొచ్చా చెల్లెమ్మా. రేపట్నుంచి నాదే కదా."

"రేపు రండి అయితే."

"కేబులే. నెట్‌వర్క్‌లో ఫైలు కదిలిస్తే ఆగుతోందంటే నెట్‌వర్కే. దీనికి కాలేజీ ఎందుకు?"

"కేబుల్ మూడుసార్లు మార్చాను. కార్డు మార్చాను. ఫైలుని పెద్ద పెద్ద మూటలుగా కట్టి పంపే సెట్టింగ్ ఉంటే అదీ తీసేశాను. మూట చిన్నదైనా అదే, పెద్దదైనా అదే."

"ప్లగ్గు పీకి..."

"అన్నయ్యగారూ. లోపల నాలుగు మిషన్లు రాస్తూ ఉంటే కరెంటు పీకడమంటే, నలుగురు రాస్తున్న పరీక్ష కాగితాలు ఒకేసారి లాక్కుని చింపడం. ఆ పని మీ పాత డబ్బాల దగ్గర చెల్లింది."

ప్లగ్గు నవ్వాడు, కానీ కళ్ళు నవ్వలేదు.

"ఈ ఇంట్లో మనిద్దరమే బయటివాళ్ళం. తెలుసా? తేడా ఒక్కటే. నన్ను ఈ గదిలోకి రానివ్వడానికి మా మామగారికి ఆరేళ్ళు పట్టింది. నీకు ఆరు రోజులు. ఆ మూడు డబ్బాలూ బయట పెట్టిన రోజు ఎవరైనా నన్నొక మాట అడిగారా? నువ్వు అడిగావా?"

కోడలు అడగలేదు, నిజమే. వాటి మీద ఉన్న చేతిరాత చీటీలు కూడా గోకేసి పడేసింది.

"నెట్‌వర్క్ కాదంటావు," అన్నాడు ప్లగ్గు మళ్ళీ, ఎగతాళిగా. "అయితే నెట్‌వర్క్ లేకుండా ఆపి చూపించు. చూస్తా."

కోడలు చెయ్యి కీబోర్డు మీద ఆగింది.

ఆరు వారాలు. కేబులూ కార్డూ మూటలూ అంటూ ఆరు వారాలు దారి మీదే వెతికింది. ఈ ఒక్క పని చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో కూడా తెలుసు. ప్రతిసారీ ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి 'కేబులే' అంటుంటే, కేబుల్ కాదని రుజువు చెయ్యడంలోనే పుణ్యకాలం కాస్తా అయిపోయింది.

వంగి నెట్‌వర్క్ కేబుల్ పీకేసింది. ఇప్పుడు ఆ పెట్టెకి బయటి ప్రపంచంతో సంబంధం లేదు. గిడ్డంగి వాటాలోకి వెళ్ళి, ఒక పెద్ద చెత్త ఫైలు అక్కడికక్కడే తయారు చెయ్యమంది. రీలంత పెద్దది, లోపల ఏమీ లేనిది.

ఐదు నిమిషాలు. పది. పన్నెండో నిమిషంలో మౌస్ ఆగిపోయింది. గడియారం ఆగిపోయింది.

ప్లగ్గు మొహంలో ఎగతాళి కూడా ఆగిపోయింది.

"కేబుల్ మీ చేతి పక్కనే ఉంది, చూసుకోండి," అంది కోడలు.

అతను కేబుల్ చివర చూశాడు, తెర చూశాడు, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. పెళ్ళానికి చెప్పడానికే అయ్యుంటుంది. చెప్పే తీరు ఎలా ఉంటుందో కోడలికి తెలుసు: నా కళ్ళ ముందే మళ్ళీ ఆపేసింది.

తొమ్మిది నిమిషాలు కాచుకుంది. మిషన్ కదలగానే గిడ్డంగికి ఒక కొత్త ఖాళీ డిస్కు తగిలించి, అదే చెత్త ఫైలు దాని మీద రాయమంది. గుర్రంలా పరిగెత్తింది. ఎక్కడా ఆగలేదు.

అంటే దారి బాగుంది. మిషన్ బాగుంది. పాత డిస్కుతోనే తంటా.

తెర మీద ఆ పాత డిస్కు దాచి ఉన్న చోటు తెరిచింది. ఆ పెట్టె లెక్కలో డిస్కంటే ఒక పెద్ద ఫైలే, రీళ్ళన్నీ దాని లోపలే; అక్కడ ఉండాల్సింది ఆ ఒక్క ఫైలు. కోడలు పెట్టింది ఒక్కటే.

ముప్ఫై ఉన్నాయి.

ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. ముప్ఫైయే. మొదటిది తనది. మిగతా ఇరవై తొమ్మిదీ స్నాప్‌షాట్లు. మిషన్ ఆ క్షణానికి ఎలా ఉందో అలాగే ఆపి దాచుకునే ఫొటోలు. వాటి పట్టిక తెరిచే బొత్తం ఐదు నెలలుగా అదే మూలన ఉంది, ఒక్కసారి కూడా నొక్కలేదు. తను తియ్యని ఫొటోల ఆల్బమ్ ఎవరు తెరిచి చూస్తారు?

ఇప్పుడు నొక్కింది. ప్రతి ఫొటో పక్కనా తేదీ ఉంది. తీసినవాళ్ళ లాగిన్ ఉంది. ఎందుకు తీశారో రాసుకోవడానికి ఒక చిన్న గడి ఉంది.

గడులన్నీ చదివింది. మళ్ళీ మొదటినుంచీ చదివింది. అప్పుడు ఫోన్ తీసి మొగుడికి రెండే మాటలు కొట్టింది. కిందకి రా అనడానికి అతను పైనేం లేడు, పక్క గదిలోనే ఉన్నాడు.

లోపలికి రా.

*

"తలుపు వెయ్యి."

వేశాడు.

"చదువు."

అతను తెర వైపు వంగాడు. చదవక్కర్లేదు, రాసింది తనే. అయినా చాలాసేపు వంగే ఉన్నాడు.

"పైకి చదువు. నాకు వినాలని ఉంది."

"ఇప్పుడు ఎందుకిది..."

"సరే నేనే చదువుతా. తను మళ్ళీ అప్‌డేట్ పెట్టకముందు. తను కేబుల్ మార్చకముందు. తను కార్డు మార్చకముందు. తను సెట్టింగ్ తియ్యకముందు, అడిగితే సరిగ్గా చెప్పలేదు. తను ముట్టుకోకముందు. తను ముట్టుకోకముందు. ఇది పన్నెండుసార్లు ఉంది. ఇదిగో ఇవాళ్టిది, పొద్దున ఏడు యాభై. అప్పుడే నాతో కాఫీ తాగి లేచావు. ఇవాళ ఏం చేస్తుందో ఏమో."

ఫ్యాన్లు హోరుమంటున్నాయి.

"తను అంటే ఎవరు?"

అతను తెర మీంచి చూపు తిప్పుకున్నాడు.

"అడుగుతున్నా. తను అంటే?"

"నువ్వే."

"ఆహా. పేరు పెట్టి రాయడానికి మొహమాటమా?"

"అట్లా కాదు." అతను బల్ల అంచు గోకుతున్నాడు. "ఆరు వారాల కిందట నువ్వు అప్‌డేట్ పెడితే ఆర్డర్లు ఒక పూట కనపడకుండా పోయాయి గుర్తుందా. అక్క హాల్లో నిన్ను ఎన్ని మాటలంది. నేను విన్నాను."

"విన్నావు. చెప్పులు చూసుకుంటూ విన్నావు."

"అందుకే. మళ్ళీ ఏదైనా అయితే ఎవరికీ తెలీకుండా వెనక్కి తెచ్చి పెట్టేద్దామని. నాన్న చెప్పేదే కదా, ముట్టుకునే ముందు ఒక ప్రింట్. నువ్వు ఒక లాగిన్ ఇచ్చావు కదా అవసరానికి. దాంతో తీశాను. నీ కోసమే తీశాను."

"నా కోసం తీసి నాకే చెప్పలేదు."

"చెప్తే ఊరుకుంటావా? నమ్మకం లేదా అని పేచీ పెడతావు."

"ఉందా?"

అతను మళ్ళీ చెప్పులు చూసుకున్నాడు.

కోడలికి ఏడుపు రావాలి, రాలేదు. బల్ల మీద ఉన్న తెల్ల కాగితాల కట్ట లాగి అతని ముందు పడేసింది.

"ఇది విను. ఫొటో తీసిన క్షణం నుంచి మిషన్ పాత కాగితం మీద రాయదు. దాని మీద పల్చటి కాగితం ఒకటి పరిచి, కొత్తగా రాసేదంతా దాని మీద రాస్తుంది. పాతది చెడకూడదు కదా. మళ్ళీ ఫొటో తీస్తే ఇంకో పల్చటి కాగితం. ఒకటో రెండో అయితే ఇబ్బంది లేదు, పనయ్యాక కలిపేసి తీసెయ్యాలి. నువ్వు ఇరవై తొమ్మిది పరిచావు. ఒక్కటీ తియ్యలేదు. మీ ఇంట్లో తియ్యరు కదా. పెద్ద రీలు వచ్చినప్పుడల్లా అది ఇరవై తొమ్మిది కాగితాలూ ఎత్తి ఎత్తి చూసి రాసుకోవాలి. ఊపిరాడక పడిపోతోంది. అది పడితే మిగతా మూడు వాటాలూ దాంతోనే. అన్నిటికీ నేల ఒక్కటే."

అతని మొహం పాలిపోయింది.

"అంటే... నేను తీసినందువల్లేనా?"

"నువ్వొకటి తీశావు, మిషన్ కొంచెం బిగిసింది. నన్ను తిట్టారు. నన్ను తిట్టారని నువ్వింకోటి తీశావు. ఇంకొంచెం బిగిసింది. ఆరు వారాలు, మనిద్దరం ఒకే మంచం మీద పడుకుని."

అతను ఆ తెల్ల కాగితాల కట్ట అంచులు సర్దాడు.

"పదకొండుంబావు అయింది," అంది కోడలు. "వాళ్ళకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా," అన్నాడు. తలెత్తి, కళ్ళలోకి చూసి మరీ అన్నాడు.

*

పెద్దాయన అతుకు పూర్తి చేసి వేలితో నిమురుతున్నాడు. ఆడపడుచు గడియారం కింద నిలబడింది, గడియారం తనదే అన్నట్టు. ప్లగ్గు కుర్చీ తిరగేసి కూర్చున్నాడు.

కోడలు కాగితాల కథ మొత్తం చెప్పింది. స్నాప్‌షాట్లు, ఇరవై తొమ్మిది, పాత డిస్కు, కొత్త డిస్కు, అన్నీ. ఒక్కటి తప్ప.

"మ్యూజియం నాలుగు రీళ్ళూ కొత్త డిస్కు మీదకి తీస్తాను. అది ఆగదు, పరీక్ష చేశాను. అరగంటలో ఆయన చేతిలో పెట్టొచ్చు. ఐదోది మామయ్యగారు అతికించారు, రేపు స్కాన్ చేసి పంపుదాం. ఆ తర్వాత గిడ్డంగి రెండు రోజులు ఆపి, ఆ కాగితాలన్నీ ఒకటిగా కలిపేస్తే రోగం పోతుంది."

"ఫొటోలు ఎవరు తీశారు?" అంది ఆడపడుచు.

ఆ ప్రశ్న వచ్చేసింది.

కోడలు మొగుడి వైపు చూడలేదు. చూడకుండానే మాటల మధ్య చోటు వదిలింది, అతని మాట కోసం. ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది.

"ఎవరూ వేలు పెట్టరు అన్నావు కదా పొద్దున. మరి గోడలొచ్చి తీశాయా?"

అప్పుడు చూసింది కోడలు మొగుడి వైపు. విననట్టే ఉన్నాడు, హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకోలేదు, అంతే తేడా.

"నా చేతిలో ఉన్న గదిలో జరిగింది," అంది. "నాదే తప్పు."

ఆ మాట అన్నాక అయినా నోరు విప్పుతాడనుకుంది. విప్పలేదు.

"అయిపోయింది," అంది ఆడపడుచు, చెయ్యి చాచి. "తాళం."

మెడలోంచి తాడు తీస్తుంటే జడకి చిక్కుకుంది. ఎవరూ సాయం రాలేదు. రెండు వెంట్రుకలు తెగి తాళంతో పాటే ఆడపడుచు చేతిలోకి వెళ్ళాయి.

"రెండు రోజులు ఆపడం ఎందుకు?" ప్లగ్గు లేచాడు. "ఆరు వారాల కిందటి ఫొటో ఉందన్నావు కదా. మొదటిది. అప్పటికి రోగం లేదు. దానికి వెళ్ళిపోతే సరి. ఒక్క నొక్కుడు."

"అన్నయ్యగారూ, వద్దు. వెళ్తే దాని తర్వాత రాసినవన్నీ పోతాయి. ఆరు వారాల్లో స్కాన్ చేసిన ప్రతి రీలూ. మ్యూజియం వాళ్ళవి కూడా అందులోనే ఉన్నాయి."

"బయట కాపీలుంటాయిగా."

"బయటికి కాపీ పంపినప్పుడల్లానే కదా ఆగిపోతోంది. ఆరు వారాలుగా ఒక్క కాపీ కూడా బయటికి పూర్తిగా వెళ్ళలేదు. ఆ డాన్సు టీచరు తెచ్చిన వాళ్ళమ్మగారి రీలు గుర్తుందా మామయ్యగారూ, పులిసిన వాసన కొట్టింది, స్కాన్ అవుతూ అవుతూనే పొడైపోయింది. ఆవిడ ఇక్కడే కూర్చుని ఏడ్చింది. అది ఇంకెక్కడా లేదు. అందులోనే ఉంది."

"అది నువ్వంటున్నావు," అంది ఆడపడుచు. "పొద్దున ఎవరూ వేలు పెట్టరనీ నువ్వే అన్నావు."

పెద్దాయన కళ్ళజోడు దింపుకున్నాడు. "ప్రింట్ దాచుకునేది వెనక్కి వెళ్ళడానికే కదమ్మాయ్."

"మీ ప్రింటు నెగటివ్‌ని చెరపదు మామయ్యగారూ. ఇది చెరుపుతుంది."

పెద్దాయన ఆగాడు. ఆయన చెయ్యి అతుకు మీదే ఉంది. ఏదో అనబోయాడు, కానీ కూతురు అప్పటికే నడుస్తోంది.

*

ఇరుకు గదిలో ఐదుగురు. ఆడపడుచు తాళం పిడికిట్లోనే ఉంది. తెర మీద పాస్‌వర్డ్ అడుగుతోంది.

"కొట్టు," అంది కోడలితో.

"తాళం తీసుకున్నారు. పాస్‌వర్డ్ నా బుర్రలో ఉంది. ఆ గదికి మీ దగ్గర తాళం లేదు."

"పొగరు చూశారా నాన్నా." తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, నీకూ లాగిన్ ఉందిగా. నువ్వు రా."

అతను వచ్చాడు. పిలిచారు, వచ్చాడు. కుర్చీలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాడు. కోడలు అతని వీపు వెనక నిలబడింది. ఒక్క మాట చాలు. అక్కా ఇవి నేనే తీశాను, తను చెప్పేది నిజం. ఏడో ఎనిమిదో మాటలు.

పట్టిక తెరుచుకుంది. ఇరవై తొమ్మిది వరసలు. అతను బాణాన్ని మొదటి వరస మీదకి తీసుకెళ్ళాడు. ఆగాడు. చేతులు వాటంతట అవే పని చేసినట్టు, బాణం పైకి, కొత్త ఫొటో తీసే బొత్తం మీదకి వెళ్ళింది.

"ఏం చేస్తున్నావు?" అంది కోడలు. "ఇప్పుడొద్దు. ఇంకొకటి తియ్యకు."

విన్నాడో లేదో. గడిలో రాస్తున్నాడు. అక్షరాలు ఒక్కొక్కటే పడుతుంటే గదిలో అందరూ చదివారు.

నేను ముట్టుకోకముందు.

ఆడపడుచు పెదాలు కదిలాయి. కళ్ళు ఆ వరస నుంచి కిందకి దిగాయి. తను ముట్టుకోకముందు, తను ముట్టుకోకముందు, తను కేబుల్ మార్చకముందు. పక్కన లాగిన్, ప్రతి వరసకీ ఒకటే.

"ఒరేయ్," అంది, గొంతు తగ్గించి. "ఇవన్నీ..."

"నావే అక్కా," అన్నాడు.

పెద్దాయన ఆ వరసలు చదవడానికి తెర మీదకి వంగాడు.

ఎవరి మొహం ఎవరూ చూడలేదు. చూస్తే ఏం చూడాల్సొస్తుందోనని. ముందుగా తేరుకుంది ఆడపడుచే. "ఎవరు తీస్తే ఏం," అంది, గబగబా, ఎవరో తరుముతున్నట్టు. "తీసిందేదో తీశావు. మొదటిదానికి వెళ్ళు. కానియ్యి, ఆయన వచ్చే టైమైంది."

ముప్ఫయ్యో ఫొటో ఇంకా తయారవుతూనే ఉంది. అతను మొదటి వరస మీద నొక్కాడు. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చింది. వెనక్కి వెళ్ళాలా? అవును. వద్దు. బాణం 'అవును' మీద వాలింది.

అక్కడే ఆగిపోయింది.

కదపబోయాడు. కదల్లేదు. తెర మూలన గడియారం పదకొండు నలభై ఏడు, ఇరవై రెండు సెకన్లు. ఇరవై రెండు సెకన్లే. పక్క గదిలో స్కానర్ దీపం టక్కున ఆరిపోయింది.

"నొక్కావా?" అంది కోడలు.

అతను తన వేలు చూసుకుంటున్నాడు.

"నొక్కావా లేదా?"

"తెలీదు. వేలు కదిలింది. నొక్కానో, ఊరికే కదిలిందో... నిజంగా తెలీదు."

తొమ్మిది నిమిషాలు. నొక్కి ఉంటే ఆ 'అవును' అన్న మాట లోపల వరసలో నిలబడి ఉంది. మిషన్ ఊపిరి పీల్చుకోగానే మొదట చేసే పని అదే. నొక్కకపోతే ఏమీ కాదు. ఇప్పుడు కరెంటు పీకితే ఆ మాట చచ్చిపోతుంది, కానీ సగంలో ఉన్న ముప్ఫయ్యో కాగితం పొద్దున రీలు తెగినట్టు తెగొచ్చు, దాంతో కిందవన్నీ పోవచ్చు. పోకపోవచ్చు కూడా. ఏ వైపు చూసినా గొయ్యే.

నేల మీద ఏదో కదిలింది. ప్లగ్గు బల్ల కిందకి దూరి, సర్వరు తీగ మొదట్లో వేళ్ళు పెట్టి కూర్చున్నాడు. పదిహేనేళ్ళలో పీకే ముందు ఎవరినీ అడగని మనిషి, మెడ తిప్పి పైకి చూశాడు.

"చెల్లెమ్మా," అన్నాడు. ఈసారి ఆ పిలుపులో విషం లేదు. "పీకమంటావా, వద్దా?"

వీధి తలుపు చప్పుడైంది. "మ్యూజియం నుంచండీ, ఎవరైనా ఉన్నారా?" అని ఎవరిదో మర్యాదైన గొంతు.

నలుగురూ కోడలి వైపే చూస్తున్నారు. ఐదు నెలల్లో మొదటిసారి, నలుగురూ ఒకేసారి.

కోడలు తెర చూసింది, తీగ చూసింది, మొగుడి వేలు చూసింది. అప్పుడు ఆడపడుచు ముందు అరచెయ్యి చాపింది, పొద్దున ఆవిడ చాపినట్టే.

"ముందు తాళం ఇవ్వండి వదినా."

ఎనిమిది నిమిషాలున్నాయి. ఆడపడుచు పిడికిట్లోంచి తాడు కొస వేలాడుతోంది, రెండు వెంట్రుకలతో సహా. పిడికిలి ఇంకా విప్పలేదు.